గ్యాస్ నూనె వాసనొచ్చిన జర్మనీ సీసా

వైన్స్ కౌంటర్ల ముప్పై ఒక్క ఏండ్లు నిలబడ్డ. నిలబడ్డ అనే మాట ఊరికే రాస్తలేను. ఆ పనిల కుర్చీ ఉండది. మీరు కొత్తగ ఈ పనిలకు వస్తున్నరంటే ముందుగాల మంచి చెప్పులు కొనుక్కోండ్రి. మిగిలింది తర్వాత చదవొచ్చు.

నా పేరు యాదగిరి. మాది నల్లగొండ దిక్కు పల్లె. మొదట మలక్‌పేటల, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ల, ఆఖరి పదేండ్లు ఎల్బీనగర్ల పని చేసిన. జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు ఎన్నిసార్లు మారింది అనేటివి ఎవలకు పనికొస్తయి? అవి రాయను. ఎక్కువ ఒక్క సీసా సంగతే రాస్త. అది మూడు రోజులల్ల నా ముప్పై ఏండ్ల గొప్పతనం దించేసింది.

వేలు చూడు

మలక్‌పేటల నా మొదటి సేటు పెద్దమనిషి. దుకాణంల అడుగు పెట్టంగనే రెండు మాటలు చెప్పిండు. మొదటిది, "గిరాకి మొఖం చూడకు, వేలు చూడు." మనిషి నోటితోని ఒకటి అడుగుతడు, వేలు ఇంకో సీసా దిక్కు పోతది. వేలు చూపించిందే ఇయ్యాలె. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. పక్కన రేస్‌కోర్సుల గుర్రప్పందాలున్న రోజు ఇంకా తేటగ కనవడేది. గెలిచినోడు పేరు వెట్టి అడుగుతడు. ఓడినోడు అన్నిటికంటే కింది అర దిక్కు వేలు చూపిస్తడు, మాట్లాడడు.

రెండో మాట, "నువ్వు తాగొద్దు. తాగెటోడు తన ఇష్టం అమ్ముతడు. తాగనోడు గిరాకి ఇష్టం అమ్ముతడు." ఇది సగమే నిజమని తెల్సుకోనికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

సేటు చెప్పినట్లే నేను చుక్క ముట్టలే. నా భార్య సుగుణ ఆయనకు ఇంట్ల దేవుని పటం పక్కన జాగ ఇయ్యనీకి కూడ తయారైంది. కని దుకాణంల ఒక చిక్కు వచ్చింది. గిరాకి వచ్చి, "ఇదెట్ల ఉంటదన్నా?" అని అడుగుతరు. నాకేం తెల్సు? అందుకని ఒక్క మాట పట్టుకున్న: "స్మూత్ ఉంటది సార్." విస్కీ అయినా స్మూతే, రమ్మైనా స్మూతే. బీరుకు కూడ అదే మాట చెప్పిన. ముప్పై ఏండ్లల్ల ఒక్కలు కూడ కాదనలే. నాకు మస్తు అనుభవం ఉన్నదని నేనే నమ్మిన.

పొడుగు సీసా

ఎల్బీనగర్ దుకాణానికి సుదర్శన్ సేటు యజమాని. మంచి మనిషే, కని తక్కువ ధరకు వస్తుందంటే పాము పిల్లలనైనా పెట్టెలకు పెట్టెలు దించుకుంటడు. ఒకనాడు డిపో నుంచి నాలుగు పెట్టెలు జర్మనీ తెల్ల వైన్ దిగింది. ఎక్కడో గోదాంల ఏండ్లకేండ్లు పడి ఉన్న సరుకట, ధర మస్తు తగ్గించిండ్రు. పెట్టె ఇప్పి చూస్తే సన్నగ, పొడుగ్గ ఉన్న పచ్చ సీసాలు. మా అరలల్ల నిలబడలే. అడ్డం పండవెట్టినం. లేబుల్ మీద పేరు చదువనీకి నేను, సేటు, క్యాషియర్ ముగ్గురం మూడు తీర్ల ప్రయత్నం చేసినం. ఆఖరికి "పొడుగు సీసా" అని రిజిస్టర్ల రాసుకున్నం.

ఒకాయన ఆఫీసు బ్యాగుతోని వచ్చి సీసా తిప్పి చూసి, "ఇది డ్రైయేనా?" అన్నడు.

"కాదు సార్," అన్న. "డ్రై డే ఇంక శానా దూరం ఉన్నది. గాంధీ జయంతికి. ఇయ్యాల ఫికర్ లేదు, తీస్కపోండ్రి."

ఆయన నా మొఖం చూసిండు, సీసా చూసిండు, నవ్వు ఆపుకుంట పోయిండు. డ్రై అంటే తీపి లేనిదని, దుకాణాలు బంద్ పెట్టే దినం కాదని నాకు ఆ తర్వాత ఏడాదికి తెల్సింది. ఆయన మళ్ల రాలే. వస్తే మాఫీ అడగాలె అనుకుంట.

పొడుగు సీసాను విడువకుంట కొన్నది ఒక్కరే, అనసూయ మేడం. ఆమె కాలేజీల కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయింది. కృష్ణా జిల్లా మనిషి, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ల. పొద్దున కూరగాయల సంచితోని మెట్రో దిగి నేరుగ వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు లైన్ల ఉన్న మొగోళ్లంత జరిగి దారి ఇచ్చిండ్రు, పొరపాటున వచ్చింది కావచ్చు అనుకొని. ఆమె కళ్లద్దాలు సర్దుకొని, "ఏమయ్యా, ఆ పొడుగు సీసా ఒకటివ్వు. చల్లగా ఉన్నదైతే మంచిది" అన్నది. సీసా సంచిల వెట్టి, మీద తోటకూర కప్పి పోయింది. వారానికొకటి. ఆమెకు నేనెన్నడు స్మూత్ అని చెప్పలే. ఆమె అడగలే గద.

రెడ్డిగారి దావత్

జంగారెడ్డి అల్మాస్‌గూడల ప్లాట్ల వ్యాపారం చేసేటాయన. మా దుకాణానికి పాత గిరాకి. గొంతు పెద్దది, మనసు కూడ పెద్దదే, కని గొంతు ముందుగాల వస్తది. కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశం అయినంక వారానికి దావత్ పెట్టిండు.

"యాదగిరీ, మా వియ్యంకుడు ఇజయవాడ నుంచి వస్తుండు," అన్నడు. "ఆయన మనలెక్క విస్కీ తాగడట. వైన్ తాగుతడట. తెల్ల వైన్. నాకేం తెల్వది. మంచిది చూసి ఇయ్యి. ఇజ్జత్ సవాల్."

నేను అడ్డం పండి ఉన్న పొడుగు సీసాలు ఆరు తీసి వెట్టిన. "జర్మనీ సరుకు అన్నా. స్మూత్ ఉంటది."

మరునాడు పొద్దున దుకాణం షట్టర్ సగమే లేపినం. సగం షట్టర్ కిందికెల్లి రెడ్డి చెప్పులు కనవడ్డయి, ఆ తర్వాత గొంతు వచ్చింది.

"ఏయ్ యాదగిరీ! కిరోసిన్ పోసి అమ్ముతున్నరా?"

జరిగింది ఏందంటే, నలభై మంది ముంగట వియ్యంకుడు గ్లాసు ముక్కు కాడ వెట్టుకొని, ఆగి, నిమ్మలంగ అన్నడట: "బావగారూ, ఏమనుకోవద్దు. ఇందులో కిరోసిన్ వాసనొస్తోందండీ." నలభై మంది నవ్విండ్రు. ఎవలో ఒకాయన "అగ్గిపెట్టె దూరం జరుపుండ్రి" అని కూడ అన్నడట. రెడ్డికి తిన్న మటన్ అరగలే.

"మా వియ్యంకుడు పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, పర్లేదు బావగారూ అన్నడు. పర్లేదు అన్నడు! తిట్టినా మంచిగుంటుండె. నువ్వే చెప్పు, ఇప్పుడు నేను ఎక్సైజోళ్లకు ఫోన్ చెయ్యాల్నా, టీవీ వాళ్లకు చెయ్యాల్నా?"

మిగిలిన సగం సీసాను కౌంటర్ మీద పెట్టిండు. నేను మూత తీసి వాసన చూసిన. నిజమే. కిరోసినే.

డీజిల్ డబ్బా

మా పనిల కల్తీ అనే మాట కంటే చెడ్డ మాట లేదు. దొంగతనం చేసినోనికైనా ఇంకో దుకాణంల పని దొరుకుతది, కల్తీ పేరు వడ్డోనికి దొరకది. సుదర్శన్ సేటు రెడ్డికి చాయ్ తాగిపిచ్చి, రెండు రోజులు టైం అడిగి పంపిండు. తర్వాత నన్ను గోదాంలకు తీస్కపోయిండు.

"నిజం చెప్పు గిరీ. ఈ సీసాలల్ల ఎవలు చెయ్యి పెట్టిండ్రు?"

నా కండ్లు పొడుగు సీసాల పెట్టెల పక్కన ఉన్న డీజిల్ డబ్బా మీద పడ్డయి. జనరేటర్ డబ్బా అది. ఎండాకాలంల దాన్ని అక్కడ పెట్టింది నేనే. బయట పెడితే ఎవలన్న ఎత్తుకపోతరని.

సేటు కూడ డబ్బా చూసిండు. "ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

సేటు వంగి డబ్బా మూత గట్టిగ ఉన్నదో లేదో చూసిండు. "ఎల్లుండి వరకు తేల్చు," అన్నడు. "లేకుంటే కౌంటర్ దిగు. నేను నిన్ను కాపాడలేను."

ఇక్కడ ఒక మాట చెప్త. సేటు అన్నది తప్పు కాదు. నేను ఆయన జాగల ఉన్నా అదే అంటుంటి. కని పదేండ్లు పక్కపక్కన నిలబడ్డంక అట్ల అంటడనుకోలే.

తెరువని సీసా ఒకటి తీస్కొని సైదాబాద్ల ఉన్న మా కిరాయి ఇంటికి పోయిన. సుగుణ సీసా చూసి కొంగు నడుముకు చెక్కింది. "ముప్పై ఏండ్లకు షురూ చేసినవా?"

"తాగనీకి కాదే. వాసన చూడు."

మా సుగుణ ముక్కు మామూలు ముక్కు కాదు. వాడకట్టుల ఎవలింట్ల ఏ కూర మాడుతుందో వాకిట్ల నిలబడి చెప్తది. స్టీలు గ్లాసుల ఇంత పోసి ఇచ్చిన. దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి చూసింది.

"గ్యాస్ నూనె," అన్నది. మా దిక్కు కిరోసిన్‌ను గ్యాస్ నూనె అంటరు.

నేను సీసా మూత పెట్టబోయిన.

"ఆగు, ఇంకా అయిపోలే," అన్నది సుగుణ. మళ్ల ముక్కు పెట్టింది. "దీని ఎనుక నిమ్మకాయ ఉన్నది. పచ్చి మామిడికాయ చెక్కు తీసినప్పటి వాసన ఉన్నది. జరంత తేనె. గ్యాస్ నూనె నిజంగ పడితే ఇవన్ని ఎట్ల తెలుస్తయి? ఒకసారి పప్పుల రెండు చుక్కలు పడితే ఇంట్ల మూడు రోజులు గ్యాస్ నూనె తప్ప ఏం తెలువలే. మర్చిపోయినవా?"

మర్చిపోలే. ఆ పప్పు నేనే తిన్న.

"ఇది బయటికెల్లి పడ్డది కాదు," అన్నది. "లోపట్నుంచి వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెల్వది. సదువుకున్నోళ్లను అడుగు."

నాకు తెల్సిన సదువుకున్నోళ్లల్ల ఆ సీసా తాగేది ఒక్కరే. మరునాడు అనసూయ మేడం వచ్చే దినమే, పొద్దున ఆమె కోసం షట్టర్ కాడ నిలబడ్డ. తోటకూర సంచితోని వచ్చింది. సంగతంత చెప్పిన. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంట నవ్వింది.

"ఏంటయ్యా, కిరోసిన్ వాసనని పరేషానా? నేను వారం వారం కొనేది ఆ వాసన కోసమేగా! అది రీస్లింగ్ అనే ద్రాక్ష. సీసాలో ఏళ్ళ తరబడి ఉంటే, అందులోనూ వేడి తగిలితే, ఆ ద్రాక్షలో ఉన్నదే మారి అలాంటి వాసనొస్తుంది. ఎవరూ కలపక్కర్లేదు. ఈ ధరకి ఈ వయసు సీసా ఎక్కడ దొరుకుతుంది చెప్పు? నీకు తెలిస్తే ధర పెంచుతావని నోరు మూసుకున్నాను."

"మేడం, ఈ మాట రెడ్డి నమ్మడు. నేను చెప్తే అసలే నమ్మడు."

"నాతో చెప్పించు. మధ్యాహ్నం మూడింటికి వస్తాను. రెండు సీసాలు ఫ్రిజ్జులో పెట్టు. ఆ వియ్యంకుడికి వెచ్చగా పోసి ఉంటారు, అదీ కారణమే."

మేడం పర్మిట్ రూముకొచ్చిన దినం

దుకాణం ఎనుక పర్మిట్ రూము ఉంటది. నిలబడి తాగే జాగ. బల్లలు, ఉడకబెట్టిన గుడ్ల వాసన, పేపర్ల శెనగలు. మూడింటికి అనసూయ మేడం అండ్లకు అడుగు పెట్టంగనే లోపటున్న ఆరుగురు గ్లాసులు ఎనుక దాచుకొని సక్కగ నిలబడ్డరు. మూలకున్న నడివయసాయన చేతులు కట్టుకొని, "నమస్తే మేడం. మీ దగ్గర ఇంటర్ చదివిన," అన్నడు.

"సంతోషం బాబూ. పాసయ్యావా?"

"రెండోసారికి మేడం."

సేటు పిలిపిస్తే రెడ్డి వచ్చిండు. సేటు కుర్చీ తెప్పించిండు. మేడం కూసోలే, బల్ల ముంగట టీచర్ లెక్కనే నిలబడ్డది. కల్తీ కాదని చెప్పింది. రెడ్డి వినలే. నా దిక్కు తిరిగిండు.

"గవన్ని తర్వాత. యాదగిరీ, నువ్వు చెప్పు. ఇది నువ్వు ఎన్నడన్న తాగినవా?"

"లేదన్నా."

"మరి స్మూత్ ఉంటదని ఎట్ల చెప్పినవ్?"

పర్మిట్ రూముల శెనగలు నములుతున్నోళ్లంత నా దిక్కు తిరిగిండ్రు. ముప్పై ఏండ్లల్ల ఆ ప్రశ్న ఎవలు అడగలే. అడిగితే ఎట్లుంటదో ఆనాడు తెల్సింది. పోలీసులు అడిగినా అంత సిగ్గు కాకపోవు.

"అయితే మొదట ఇతనే తాగాలి," అన్నది మేడం. చల్ల సీసా తీసి గాజు గ్లాసుల రెండు వేళ్ల ఎత్తు పోసింది.

నేను ఫోన్ తీసిన. "ఎవలకు?" అన్నడు సేటు. "ఇంటికి," అన్న. అందరి ముంగట సుగుణను, తాగొచ్చునా అని అడిగిన. "ఎంత?" అన్నది. "ఒక గుక్క." "గుక్కంటే గుక్కే," అన్నది, పెట్టేసింది.

తాగిన. మొదట చల్లగ తాకింది. తర్వాత జరంత తీపి. ఆ తీపి మీద నమ్మకం పెట్టుకునే లోపట్నే నాలుక రెండు పక్కల పులుపు కొట్టింది, పులిసిన ద్రాక్ష పులుపు కాదు, నిమ్మకాయ ఉప్పుల ముంచి నాకినట్లు. నోట్ల నీళ్లు ఊరినయి. మింగినంక గొంతుల గ్యాస్ నూనె మబ్బు లెక్క ఒకటి లేచి పోయింది. గలీజ్ లేదు. విచిత్రంగ ఉన్నది.

"ఎట్లున్నది?" అన్నడు రెడ్డి.

"స్మూత్ లేదన్నా," అన్న. "పుల్లగున్నది. మంచిగున్నది."

నా వృత్తిల నేను చెప్పిన మొదటి నిజం అది కావచ్చు.

మేడం గోదాంల డీజిల్ డబ్బా తెప్పించింది. దూది ముంచి ఒక గ్లాసుల వేసింది, పక్క గ్లాసుల వైన్ పోసింది. "రెండూ వాసన చూడండి రెడ్డిగారూ. డీజిల్‌లో ఇంకేమైనా దొరుకుతుందేమో వెతకండి."

రెడ్డి డీజిల్ చూసి మొఖం తిప్పుకున్నడు. "డీజిలే. ఇంకేముంటది." వైన్ గ్లాసు తీసుకున్నడు. "కిరోసినే."

"తర్వాత?"

"తర్వాత ఏముంటది మేడం... నిమ్మకాయ."

"తర్వాత?"

"జర తేనె లెక్క..." రెడ్డి ఆగిండు. గ్లాసు దించలే. గొంతు మొదటిసారి తగ్గింది. "మా నాయిన పొద్దుగూకంగనే గ్యాస్ నూనె కందిలి ముట్టించి నా ముంగట పెడుతుండె. సదువు బిడ్డా అని. నేను దీపం వాసనే చూసుకుంట కూసుంటుంటి. పుస్తకం ముట్టకపోతుంటి. గదే వాసన."

ఇంటర్ రెండోసారికి పాసైనాయన తల వంచుకున్నడు.

రెడ్డి ఒక గుక్క తాగిండు, ఇంకో గుక్క తాగిండు, అప్పుడు మళ్ల పాత గొంతు వచ్చింది. "మేడం, మరి మా వియ్యంకుడికి నిమ్మకాయ ఎందుకు రాలే?"

"ఆయన కిరోసిన్ దగ్గరే ఆగిపోయారు."

"ఆగిపోయిండు!" రెడ్డి బల్ల మీద కొట్టిండు, శెనగలు ఎగిరినయి. "గిదే మాట ఫోన్ల చెప్పుండ్రి మేడం. స్పీకర్ల పెడుత." పెట్టిండు కూడ. అవతల వియ్యంకుడు "అలాగాండీ... అలాగాండీ" అని ఐదుసార్లు అన్నడు. రెడ్డి ఆఖరికి, "పర్లేదు బావగారూ," అన్నడు. ఆ పర్లేదు అనేటప్పుడు ఆయన మొఖం మీరు చూడాలె.

సేటు నన్ను కౌంటర్ల ఉంచిండు. మాఫీ అడగలే. కని డీజిల్ డబ్బాను ఆయనే మోసి బయట పెట్టిండు. సేట్లు మాఫీ అట్లనే అడుగుతరు.

మంచం కింద

తర్వాతి మాట మీరు నమ్మకపోవచ్చు. పాత సరుకు అయిపోయింది. డిపో నుంచి అదే పేరుతోని కొత్త సరుకు వచ్చింది. రెడ్డి రెండు సీసాలు తీస్కపోయిండు. మరునాడు షట్టర్ కింద మళ్ల ఆయన చెప్పులు.

"డూప్లికేట్ అమ్ముతున్నరా? కిరోసిన్ వాసన ఏది?"

ఈసారి నేను స్మూత్ అనలే, తెల్వదు అని కూడ అనలే. ముందుగాల రుచి చూసి ఉన్న గద. "అన్నా, ఇది లేత సీసా. ఆ వాసన రావాలంటే ఇంట్ల పెట్టుకొని ఆగాలె."

"ఎన్నేండ్లు?"

"గది మాత్రం నిజంగ తెల్వదు."

ఆయన ఆరు సీసాలు కొని పడుకునే మంచం కింద పండవెట్టిండు. ఏడాదికొకటి తెరుస్తడు, వాసన చూడనీకి నన్ను పిలుస్తడు. నేను రిటైరై రెండేండ్లయినా పిలుపు ఆగలే. మొదటి ఏడాది యాపిల్‌కాయ వాసన తప్ప ఏం రాలే. రెండో ఏడాది గ్యాస్ నూనె వాసన వచ్చిందని రెడ్డి అన్నడు, నేను రాలేదన్న, ఇద్దరం గంట సేపు కొట్లాడినం.

ఈ ఎండాకాలం మూడో సీసా తీసినం. పగటి భోజనాల టైం. గ్లాసు ముక్కు కాడ పెట్టంగనే నేను రెడ్డి దిక్కు చూసిన, రెడ్డి నా దిక్కు చూసిండు. వచ్చింది. సన్నగ, కని వచ్చింది.

"గ్యాస్ వాసనొస్తుంది!" అని రెడ్డి ఇల్లు అదిరేటట్లు మొత్తుకున్నడు. "వచ్చింది! గ్యాస్ వచ్చింది!"

వంటింట్ల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. రెడ్డి భార్య పద్మమ్మ సిలిండర్ బంద్ చేసి, కిటికీలన్ని తెరిచి, గరిటె చేతిల పట్టుకొని ఉరికొచ్చింది. "బయటికి నడువుండ్రి! ఏ స్విచ్ ముట్టకుండ్రి!" మా ఇద్దరినీ రెక్కలు పట్టి వాకిట్ల ఎండల నిలబెట్టింది. రెడ్డి గ్లాసు ఇడువలే. నవ్వుతుంటే మాట వస్తలేదు. సంగతి నేనే చెప్పిన.

పద్మమ్మ ఆయన చేతిలకెల్లి గ్లాసు గుంజుకున్నది. వాసన చూసింది. అట్లనే ఒక గుక్క తాగింది, నోట్ల తిప్పింది, వంటింట్ల పులుసు రుచి చూసినట్లు.

"పులుపు సరిపోయింది," అన్నది. "జర ఉప్పు పడాలె."

గ్లాసు తిరిగి ఇయ్యకుంటనే లోపటికి పోయింది. రెడ్డి నా దిక్కు చూసిండు, ఏమన్న అంటనేమో అని. నేనేమంట? ఆమె తాగి చెప్పింది.